వానాకాలం ప్రశ్నలు: పుట్టకొక్కు ఏది, విషపుది ఏది?

మృగశిర దాటి నాలుగు మంచి వానలు పడ్డాయంటే చాలు, ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో సగం పుట్టగొడుగుల మీదే ఉంటాయి, ఈసారీ అంతే. ఒకేలాంటివి కలిపేసి జవాబులు రాస్తున్నా. ఫోటో పెట్టి "ఇది తినొచ్చా అండీ" అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి మాత్రం సారీ. ఫోటో చూసి తినమని నేను చెప్పను, ఫోన్లో యాప్ చెప్పినా, ఇంకెవరు చెప్పినా మీరు వినొద్దు. చూడాల్సిన భాగం ఫోటోలో అసలు పడదు, అది మట్టిలో ఉంటుంది.

ప్రశ్న: మాది విజయవాడ, పెళ్లయ్యాక నిర్మల్ జిల్లాలో ఒక ఊరికి వచ్చా. వానలు మొదలవగానే మా అత్తమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిసి తెల్లారకముందే వెళ్లి గంపలో పుట్టకొక్కులు తెస్తారు. ఆ కూర తిన్నాక ఇంక మటన్ కూడా వద్దనిపిస్తుంది నిజంగా. ఈ ఏడు నేనూ వెళ్దామనుకుంటున్నా. ఎట్లా గుర్తుపట్టాలి అంటే "చూస్తే తెలుస్తది గదనే" అంటుంది తప్ప వివరంగా చెప్పట్లేదు. మీరు చెప్పండి.

మీ అత్తమ్మ తప్పేం చెప్పలేదమ్మా, ఆవిడకి నిజంగానే చూస్తే తెలుస్తుంది. కాకపోతే ఆవిడ చూసేది పైన గొడుగు ఒక్కటే కాదు. ఈసారి వెంట వెళ్లినప్పుడు ఆవిడ చూపు ఎక్కడెక్కడ పడుతుందో గమనించండి. ముందు చోటు చూస్తుంది, పోయినేడు ఎక్కడ లేచాయో ఆ చోటు. తర్వాత నేల, చుట్టుపక్కల చెదల మట్టి ఉందా లేదా అని. ఆ తర్వాత కాడ కిందికి ఎంత దిగిందో. గొడుగు చివర్లో.

దీనికి కారణం ఉంది. పుట్టకొక్కు మామూలు పుట్టగొడుగులా కుళ్లిన ఆకుల్లోనో పేడలోనో మొలిచేది కాదు, దాన్ని చెదపురుగులు పెంచుతాయి. ఎండు కట్టె, ఆకులు నమిలి మింగి, ఆ పెంటతో భూమి లోపల గదుల్లో మెత్తటి స్పంజి దిమ్మలు కడతాయి, ఆ దిమ్మల మీద పుట్టకొక్కుకి మూలమైన బూజు పెరుగుతుంది. కట్టెలో గట్టి పదార్థాన్ని బూజు అరిగించి పెడితే చెదలు దాన్ని తింటాయి. సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికాలో మొదలైన వ్యవసాయం ఇది, మనిషి నాగలి పట్టింది మొన్న. సైన్స్ పేరు టెర్మిటోమైసిస్, 1942లో రోజర్ హైమ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పెట్టాడు. నేల బాగా తడిసి, ఉక్కపోసే రోజుల్లో ఆ దిమ్మల నుంచి కొక్కు మట్టిని చీల్చుకుంటూ పైకొస్తుంది. దిమ్మ ఒక్కోసారి జానెడు లోతులో ఉంటుంది, ఒక్కోసారి మోకాలి లోతు, ఇంకా ఎక్కువే ఉండొచ్చు, అంత దూరమూ కాడే సాగుతూ రావాలి కదా. అందుకే దీని కాడకి కింద వేరు లాంటి పొడుగాటి తోక ఉంటుంది, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, దాని కొస పోయి ఆ దిమ్మకి అతుక్కుని ఉంటుంది. మీరు నేర్చుకోవాల్సిన గుర్తుల్లో మొదటిది ఇదే.

కాబట్టి మొదట్లో ఎప్పుడూ పీకొద్దు. పీకితే కాడ నేల దగ్గర పుటుక్కున తెగిపోతుంది, అసలు గుర్తు మట్టిలోనే ఉండిపోతుంది. గుంపులో ఒక్కదాని పక్కన చిన్న గునపంతో మట్టి మెల్లగా తియ్యండి. తోక కిందికి దిగుతూ ఉంటే దాని వెంటే పోండి. దిమ్మ దాకా పోనక్కర్లేదు, చెదలు కనపడేదాకా పోతే చాలు, దిమ్మ పాడుచేస్తే వచ్చే ఏడు మీకే నష్టం. ఇంకో సంగతి, పైకి ఎత్తుగా పుట్ట లేకపోయినా కొక్కు లేవొచ్చు, చెదల గూడు చదును నేల కింద కూడా ఉంటుంది, చేను గట్టు మీద, ఇంటి వెనక దొడ్లో లేచేవన్నీ అలాంటివే.

ఇప్పుడు గొడుగు సంగతి. విచ్చుకోకముందు మొన తేలి ఉంటుంది, విచ్చాక కూడా నడిమధ్య ఒక గట్టి బొడిపె మిగులుతుంది. మట్టిని పొడుచుకుని రావడానికి ఆ మొన కావాలి దానికి. బొడిపె దగ్గర రంగు ముదురు, గోధుమో బూడిదో, అంచులకి పోయేకొద్దీ తెలుపు. పూర్తిగా విచ్చినవాటికి అంచులు చీలికలవుతాయి. తిప్పి చూస్తే కింద రేకులు తెల్లగా దగ్గరదగ్గరగా ఉంటాయి, కాడకి అతుక్కోకుండా దాని దగ్గర ఆగిపోతాయి, ముదిరేకొద్దీ లేత గులాబీ ఛాయ వస్తుంది. కాడ లోపల బోలుగా కాకుండా నిండుగా, పీచుగా ఉంటుంది, చీలిస్తే నిలువుగా చీలుతుంది.

ఉండకూడనివి ఇంకా ముఖ్యం. కాడ అడుగున గుడ్డుపెంకు పగిలినట్టు సంచి ఉండకూడదు. గొడుగు మీద వేలితో తుడిస్తే ఊడిపోయే తెల్లటి పొక్కులు ఉండకూడదు. కాడ మధ్యలో గౌను అంచులా వేలాడే రింగ్ ఉంటే, వదిలేయండి. తెలిసినవాళ్లు ఇక్కడ నాతో గొడవకొస్తారు, ఎందుకంటే రింగ్ ఉండే పుట్టకొక్కు రకం కూడా మన దక్షిణాదిలోనే ఉంది, 1979లో తమిళనాడు వైపు నుంచి దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు, టెర్మిటోమైసిస్ హైమీ అని, జనం బ్రహ్మాండంగా తింటారు కూడా. నిజమే. కానీ రింగ్, సంచి, తెల్ల రేకులు మూడూ కలిసి ఉండేది అమనిటా జాతి, ప్రాణం తీసేవి దాంట్లోనే ఉన్నాయి. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకి రింగ్ ఉన్న కొక్కు ఒక పది సీజన్ల తర్వాతి ముచ్చట, అది మీ అత్తమ్మకి వదిలెయ్యండి.

అలాగే గోరంత గొడుగులు వందల్లో నేలంతా పరుచుకుని లేచే చిన్న రకం ఒకటి ఉంటుంది. చెదలు దిమ్మ ముక్కల్ని బయటికి మోసుకొచ్చి పారేస్తే వాటి మీద వస్తుంది, అందుకని దానికి పొడుగాటి తోక ఉండదు. అది కూడా తినేదే, రుచి కూడా ఎక్కువే అంటారు, కానీ మన ముఖ్యమైన గుర్తు దాంట్లో లేదు కాబట్టి పెద్దవాళ్లు చేత్తో చూపిస్తే తప్ప దాని జోలికి పోవద్దు.

పుట్ట మీద మొలిచిందల్లా పుట్టకొక్కే అనుకోవడం ఇంకో పొరపాటు. మెట్ట ప్రాంతాల్లో పుట్ట మీద విచ్చుకోకుండా నిలువుగా కోలగా ఉండే గొడుగొకటి వస్తుంది, చీలిస్తే ముదిరిన దాంట్లో నల్లటి పొడి. చెదలు వదిలేసి పోయిన గూడు నుంచి నల్లటి పుల్లలు లేస్తాయి. రెండూ బూజు జాతులే గానీ మీరు వెతికేవి కావు. గుర్తులన్నీ కలిస్తేనే గంపలో వెయ్యాలి, ఒక్కటి తగ్గినా అక్కడే వదిలెయ్యాలి, వదిలేసిన కొక్కు ఎవరినీ ఏం చెయ్యదు.

పొద్దున్నే వెళ్తారు కాబట్టి టార్చ్, బూట్లు ఉండాలి. పుట్ట కన్నాల్లో చెయ్యి పెట్టొద్దు, నాగుపాములు రక్తపింజర్లు వానాకాలం అక్కడే ఉంటాయి. పత్తి చేలల్లో, గడ్డిమందు కొట్టిన గట్ల మీద లేచినవి ఎంత ముద్దొచ్చినా తేవద్దు, హైవే పక్కన, ఫ్యాక్టరీ కాలవల పక్కన లేచినవి కూడా. నేలలో ఉన్న సీసం, కాడ్మియం లాంటివి పుట్టగొడుగులు బాగా పీల్చుకుంటాయి, కడిగితే పోయేవి కావవి.

ప్రశ్న: వెండి స్పూన్ వేసి ఉడికిస్తే నల్లబడితే విషం అని, వెల్లుల్లి రంగు మారితే విషం అని మా నానమ్మ చెప్పేది. పురుగు తిన్నదైతే మనం కూడా తినొచ్చని మా బాబాయ్ అంటాడు. వీటిలో ఏది కరెక్ట్? (కరీంనగర్)

ఏదీ కాదు. వెండి నల్లబడేది గంధకం వల్ల, కోడిగుడ్డు తగిలినా నల్లబడుతుంది. అమనిటాల్లో ఉండే విషానికి వెండితో వెల్లుల్లితో ఏ సంబంధమూ లేదు, స్పూన్ తళతళా మెరుస్తూనే ఉంటుంది. పురుగుల సంగతి చెప్పాలంటే, చచ్చే విషమున్న గొడుగుల్ని కూడా పురుగులు నత్తలు హాయిగా తింటాయి, వాటి ఒళ్లు వేరు మన ఒళ్లు వేరు. తెల్లగా ఉంటే మంచిది, రంగులుంటే చెడ్డది అనేది ఇంకా ప్రమాదం, లోకంలో అన్ని పుట్టగొడుగులకంటే ఎక్కువ మందిని చంపిన డెత్ క్యాప్ అనే అమనిటా లేత పచ్చ కలిసిన తెలుపులో చాలా సాధువుగా ఉంటుంది, దాని చుట్టం ఒకటైతే పాలలాంటి తెలుపు.

బాగా ఉడికిస్తే పోతుంది అనే మాట కూడా వదిలేయండి. ఆ విషం ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చెక్కు చెదరదు. నానమ్మ గారి మీద నాకు గౌరవమే, నిజానికి ఆవిడ ఇంతకాలం బతికి మనల్ని పెంచింది స్పూన్ వల్ల కాదు, ఆవిడకి కొక్కు నిజంగా తెలుసు కాబట్టి. స్పూన్ ఊరికే పైపై తంతు. తంతు ఒక్కటే మనకి వచ్చి అసలు తెలివిడి రాకపోతేనే కొంప మునిగేది.

ఇంట్లో చెయ్యగలిగిన పనికొచ్చే పరీక్ష ఒకటుంది. కాడ కోసేసి, గొడుగుని సగం తెల్ల కాగితం సగం నల్ల కాగితం మీద పడేట్టు బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దునకి పొడి రాలి ఉంటుంది. పుట్టకొక్కుకి గులాబీ కలిసిన క్రీమ్ రంగు, అమనిటాకి తెలుపు, లాన్లలో లేచే ఒక విషపు రకానికి మాసిన ఆకుపచ్చ. కానీ గులాబీ వచ్చింది కదా అని పొయ్యి వెలిగించకండి, ఎంటొలోమా అని గులాబీ పొడి రాల్చే చెడ్డ జాతి కూడా ఉంది. ఈ పరీక్ష తినకూడనిదాన్ని పట్టిస్తుంది, తినొచ్చని సర్టిఫికెట్ ఇవ్వదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది గేటెడ్ కమ్యూనిటీ. వాన పడ్డ రెండ్రోజులకి లాన్‌లో పెద్ద పెద్ద తెల్ల గొడుగులు, ఒక్కోటి భోజనం ప్లేటంత, గుండ్రంగా వలయంలా లేచాయి. వాచ్‌మన్ ఊరివాడే, "సార్ ఇవి కూర బావుంటది" అంటున్నాడు. తినొచ్చా?

వద్దు. వాచ్‌మన్ తమ్ముడికి కూడా గట్టిగా చెప్పండి, ఆయన వండుకున్నాడేమో ముందు కనుక్కోండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు రకం అయ్యే ఛాన్సే ఎక్కువ. తెల్ల గొడుగు మీద గోధుమరంగు పొలుసులు, కాడ మీద పైకీ కిందికీ జరిగే రింగ్, ముదిరాక రేకులు ఆకుపచ్చగా మారతాయి. సమస్యేంటంటే లేతప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ఆకుపచ్చ వచ్చేదాకా ఆగకుండా కోసుకెళ్లేవాళ్లే ఎక్కువ. తిన్న గంట నుంచి మూడు గంటల్లో వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. సాధారణంగా ప్రాణం పోదు గానీ చిన్నపిల్లలకి ఒంట్లో నీళ్లు పోయి ఆసుపత్రి పాలవుతారు. ముట్టుకుంటే ఏం కాదు, చేత్తో పీకి కవర్లో కట్టి చెత్తలో వేయించండి, పిల్లల్నీ కుక్కల్నీ మాత్రం దూరంగా ఉంచండి. లాన్ మీద మందులు కొట్టించి డబ్బులు తగలెయ్యకండి, మళ్లీ వాన పడితే మళ్లీ వస్తాయి.

ఇదే పాఠకుడు కేబీఆర్ పార్కులో దొరికేవి ఏరుకోవచ్చా అని కూడా అడిగారు. అది నేషనల్ పార్కు సార్, అక్కడ ఏదీ కోయకూడదు. కవాల్, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల్లోకి గంప పట్టుకుని వెళ్లాలనే సరదా కూడా సిటీవాళ్లకి వద్దు. అడవిని నమ్ముకుని బతికేవాళ్లకి 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కులు వీకెండ్‌కి కారేసుకుని వెళ్లే మనకి రావు.

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది, డిసెంబర్లో వెళ్తున్నాం. పోయినసారి వెళ్లినప్పుడు వాళ్ల ఇంటి దగ్గర ఓక్ చెట్ల కింద అచ్చం మన ఊళ్లో గడ్డివాము దగ్గర లేచే వాటిలాంటివి బోలెడు చూశాను. అమ్మాయి తిట్టి కొయ్యనివ్వలేదు. మేం చిన్నప్పట్నుంచీ తిన్నవే కదా? (తెనాలి)

మీ అమ్మాయికి నా తరఫున థాంక్స్ చెప్పండి. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిట్లో నన్ను భయపెట్టింది ఇదే.

మన గడ్డివాము దగ్గర లేచేది వరిగడ్డి పుట్టగొడుగు. దానికి అడుగున సంచి ఉంటుంది, లేతప్పుడు గుడ్డులా ఉంటుంది. ఓక్ చెట్ల కింద మీరు చూసింది డెత్ క్యాప్, అమనిటా ఫాలాయిడిస్, అయి ఉండే అవకాశం చాలా ఉంది. దానికీ అడుగున సంచే, లేతప్పుడు అదీ గుడ్డే. యూరప్ నుంచి చెట్ల వేళ్లతో పాటు అమెరికా వచ్చి, కాలిఫోర్నియా ఓక్ చెట్లకి అలవాటుపడిపోయింది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి కాబట్టి మీరు వెళ్లే టైముకే సరిగ్గా లేస్తుంది. 2016 డిసెంబర్లో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మంది దాన్ని తిని ఆసుపత్రుల్లో చేరారు, ముగ్గురికి లివర్ మార్చాల్సి వచ్చింది, ఒక పసిపిల్లకి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. 2012 కొత్త సంవత్సరం రోజుల్లో ఆస్ట్రేలియా కాన్‌బెర్రాలో ఇద్దరు ఇలాగే పోయారు. ఆసియా దేశాల నుంచి వెళ్లినవాళ్లు తమ ఊరి గడ్డి పుట్టగొడుగే అనుకుని దీన్ని తినడం మళ్లీ మళ్లీ జరుగుతోంది, అనుభవం లేక కాదు, అనుభవం వేరే నేలది కావడం వల్ల.

తేడాలు ఉన్నాయి, వరిగడ్డి రకానికి రింగ్ ఉండదు, రేకులు ముదిరాక గులాబీ అవుతాయి, డెత్ క్యాప్‌కి రింగ్ ఉంటుంది, రేకులు చివరిదాకా తెలుపే. కానీ గుడ్డు దశలో ఈ తేడాలేవీ బయటికి కనపడవు, అందుకని తేడాలు తెలుసు కదా అని అక్కడ ప్రయోగాలు చెయ్యకండి. పుట్టకొక్కు అయితే అమెరికా నేల మీద అసలు మొలవదు, దాన్ని పెంచే చెదలు ఆఫ్రికాలో ఆసియాలోనే ఉన్నాయి. అక్కడ ఏది చూసినా "మన పుట్టకొక్కే" అనిపిస్తే అది కచ్చితంగా కాదు. షాపులో డబ్బాలో దొరికేవి తినండి. అక్కడున్న మనవాళ్లు పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222 ఫోన్లో పెట్టుకోండి, ఫ్రీగా రాత్రీ పగలూ పలుకుతారు.

ప్రశ్న: రాత్రి కూర తిన్నాం, తెల్లవారుజామున నాకూ మా తమ్ముడికీ వాంతులు, కడుపునొప్పి. మజ్జిగ తాగి పడుకున్నాం, మర్నాటికి తగ్గిపోయింది. ఇలా తగ్గిపోతే ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు కదా? (ఆదిలాబాద్ జిల్లా)

వెళ్లాలి, తగ్గినా వెళ్లాలి. ఇది పేపర్ చింపి ఇంట్లో గోడకి అంటించుకోవాల్సిన విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

తిన్న అరగంట నుంచి మూడు గంటల్లో మొదలయ్యే వాంతులు ఎక్కువగా పేగులకి మంట పుట్టించే రకాల వల్ల. కానీ తిన్న ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా గడిచాక మొదలైతే అది అమనిటా విషం కావచ్చు. రాత్రి ఎనిమిదింటికి తిని తెల్లారి నాలుగింటికి వాంతులంటే సరిగ్గా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ విషంలో మాయ ఏంటంటే, మొదటి రోజు వాంతులు విరేచనాలు, తర్వాత ఒక రోజు మనిషి లేచి తిరుగుతాడు, అన్నం కూడా తింటాడు, తగ్గిపోయిందనుకుంటారు. ఆ రోజంతా లోపల లివర్ చచ్చిపోతూ ఉంటుంది. కణాలు ప్రోటీన్ తయారు చేసుకునే పనినే ఆ విషం ఆపేస్తుంది. మూడో రోజుకి కళ్లు పచ్చబడి, స్పృహ తప్పి అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తితే డాక్టర్ల చేతిలో మిగిలేది తక్కువ. పెద్దమనిషిని చంపడానికి ఒక్క గొడుగు చాలు.

అందుకని అనుమానం రాగానే 108కి ఫోన్. గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు, చింతపండు రసం, నూనె, పసరు ఏదీ పట్టించొద్దు. మిగిలిన కూర, వండని ముక్కలు, చెత్తలో పడేసిన కాడలు ఏవి దొరికితే అవి కాగితంలో చుట్టుకుని వెంట తీసుకెళ్లండి. ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది, ఎవరెవరు తిన్నారు, ఈ మూడూ డాక్టర్‌కి చెప్పాలి. తిన్నవాళ్లందరూ వెళ్లాలి, బాగున్నవాళ్లు కూడా. లివర్ టెస్ట్ ఒకసారి నార్మల్ వచ్చిందని ఇంటికొచ్చెయ్యొద్దు, రెండు మూడు రోజులు మళ్లీ మళ్లీ చెయ్యమని అడగండి. ఒకవేళ గంటలోనే వాంతులు మొదలైనా, గంపలో రెండు మూడు రకాలు కలిసుంటే ముందు వచ్చింది ఒకదానివల్ల, వెనక రాబోయేది ఇంకోదానివల్ల కావచ్చు, కాబట్టి "తొందరగా వచ్చింది గదా ఏం కాదులే" అనుకోవడానికి లేదు.

మీ విషయంలో ఉత్తరం రాసేనాటికే రోజులు గడిచాయి కాబట్టి గండం దాటినట్టే ఉంది, అయినా ఒకసారి ఇద్దరూ లివర్ టెస్ట్ చేయించుకోండి.

ప్రశ్న: అరకు రోడ్డు మీద కుప్పలు పోసి అమ్ముతుంటారు, కొనొచ్చా? ఇంకోటి, ఆన్‌లైన్లో "ఫార్మ్‌లో పెంచిన పుట్టకొక్కులు" అని యాడ్ చూశా, నిజమేనా? (విశాఖపట్నం)

రోడ్డు మీద అమ్మే ఆడవాళ్ల చెయ్యి మీకంటే నాకంటే నమ్మకమైనది, రోజూ వాళ్లింట్లోనూ అదే కూర. కానీ చీకట్లో హడావుడిగా ఏరిన కుప్పలో పరాయిది ఒకటి కలవదని గ్యారంటీ లేదు. కాడా తోకా ఉన్నవి, మట్టి అంటుకుని ఉన్నవి కొనండి, నీటుగా కడిగి గొడుగులు మాత్రమే కోసి పెట్టినవి వద్దు. పొద్దున పూట కొనండి, సగం విచ్చినవి మంచివి, పూర్తిగా విచ్చి అంచులు తడితడిగా జారుతుంటే వాటిల్లో పురుగు పడి ఉంటుంది. ఇంటికొచ్చాక ఒక్కోటి విడిగా తిప్పి చూసి గిన్నెలో వెయ్యండి. రేటు దగ్గర మాత్రం మరీ బేరమాడకండి, తెల్లారకముందు కొండ ఎక్కి తవ్వి తెచ్చిన సరుకది.

ఫార్మ్ సంగతి, అది అబద్ధం. పుట్టకొక్కుని చెదలు లేకుండా పెంచి పంటగా అమ్మే పద్ధతి ఎవరికీ ఇంకా చేతకాలేదు. ల్యాబ్‌లో బూజు పెరుగుతుంది గానీ గొడుగు వేయించడం దగ్గర ఆగిపోతోంది. ఆ పేరుతో అమ్మేది మిల్కీ మష్రూమ్ అయ్యుంటుంది, తెల్లగా లావు కాడతో ఉంటుంది, మన ఎండలకి బాగా పండుతుంది. అది మంచిదే, తినండి, కాకపోతే మిల్కీ రేటుకే కొనండి.

ప్రశ్న: చర్ల నుంచి రాస్తున్నా. బస్తర్ వైపు నుంచి సంతకి "బోడ" అని గోలీల్లాంటివి వస్తాయి, అవి పుట్టగొడుగులేనా?

అవును. సాల చెట్ల వేళ్లని అంటిపెట్టుకుని మట్టిలోనే పెరుగుతాయి, తొలకరికి తవ్వి తీస్తారు, సీజన్ మొదట్లో రేటు ఆకాశంలో ఉంటుంది. కొన్నాక ప్రతిదాన్నీ నిలువుగా రెండు ముక్కలు కోసి చూడండి. లోపల ఏ గీతా లేకుండా తెల్లగా ఉంటేనే కూరకి. లోపల ఊదా నలుపు ఉంటే ముదిరినదో లేక ఎర్త్‌బాల్ అనే విషపు రకమో, పారెయ్యండి. కోసిన ముక్కలో చిన్న గొడుగు, కాడ బొమ్మ కనపడితే అది అమనిటా గుడ్డు, దాంతో పాటు మిగతా కుప్ప కూడా పారెయ్యాలి, చెయ్యి కడుక్కోవాలి.

ప్రశ్న: పుట్టగొడుగుల కూర తిని కల్లు తాగితే చచ్చిపోతారంటారు, నిజమా? (జనగామ)

చావరు గానీ కొన్ని రకాలతో నరకం కనిపిస్తుంది. ముదిరితే సిరాలా నల్లగా కరిగి కారిపోయే గొడుగులున్నాయి చూశారా, వాటిలో ఒక రకం తిని మందో కల్లో తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే మాత్ర ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. తిన్న రెండు మూడు రోజుల తర్వాత తాగినా రావొచ్చు. పుట్టకొక్కుకి ఈ గుణం ఉన్నట్టు లేదు, అయినా కొత్తగా తినేరోజు కల్లు పక్కన పెట్టండి, కడుపులో ఏదైనా తేడా వస్తే ఏది కారణమో తెలియాలి కదా.

ప్రశ్న: ఏడాదికోసారి దొరికేవి, ఎలా వండాలి, ఎలా దాచుకోవాలి? (ఖమ్మం)

ముందు మట్టి. తోక దగ్గర మట్టంతా చాకుతో గీకి, గొడుగు పైపొర తడిగుడ్డతో తుడిచి, చివర్లో పసుపు వేసిన నీళ్లలో ఒక్కసారి ముంచి తీసెయ్యాలి, నానబెడితే రుచంతా నీళ్లలోకి పోతుంది. కత్తితో తరక్కుండా చేత్తో నిలువుగా చీల్చండి, చీలుస్తున్నప్పుడే పురుగున్నది బయటపడుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొంచెం అల్లంవెల్లుల్లి, కారం, అంతే, గరం మసాలా డబ్బా మూత తియ్యకండి ప్లీజ్, మసాలా రుచి కావాలంటే చికెన్ ఉంది కదా. నీళ్లు పొయ్యక్కర్లేదు, నూటికి తొంభై వంతులు నీళ్లే దాంట్లో, మూత పెడితే అదే వదులుతుంది, ఆ నీరు ఇగిరేదాకా ఉడకాలి. పచ్చిగా, సగం ఉడికినవి తినొద్దు. మొదటిసారి తినేవాళ్లు రెండు ముద్దలతో ఆపి మర్నాడు చూసుకోండి, మంచి కొక్కు కూడా కొందరి ఒంటికి పడదు. వండని కొక్కు ఒకటి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఓ మూడు రోజులు ఉంచండి, ఏదైనా అయితే డాక్టర్‌కి చూపించడానికి.

దాచుకోవడానికి అయితే ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, చెమట పట్టి సాయంత్రానికే జిగురొస్తుంది, కాగితం సంచిలో పెడితే ఫ్రిజ్‌లో ఒక రోజు ఆగుతాయి. ఎండ ఉంటే సన్నగా చీల్చి పలచటి గుడ్డ మీద కరకరలాడేదాకా ఎండబెట్టి గాజు సీసాలో పెట్టుకోండి, పప్పులో వేసుకోవచ్చు, పొడి కొట్టి చారులో వేసుకోవచ్చు. వానాకాలం ఎండని నమ్ముకోలేం కాబట్టి మా వైపు పొయ్యి మీద అటక కట్టి ఆరబెడతారు, కొంచెం పొగ వాసన పడుతుంది, చారుకి అదే బాగుంటుంది.